అడవి అంచున స్థలం కొనేవారు ముందుగా దారులు అడగాలి

సంపాదకులకు నమస్కారములు.

కొన్నేళ్లుగా తిరుపతి, చెన్నై, బెంగళూరు నగరాల నుంచి అనేకమంది వచ్చి భాకరాపేట, తలకోన దారుల పక్కన, శేషాచలం కొండల కింద, అటు పలమనేరు అడవుల పొడవునా ఎకరా రెండెకరాలు కొని తోటలు వేసుకుంటున్నారు, ఇళ్లు కట్టుకుంటున్నారు. పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిపోగా సగం ఇళ్లకు తాళాలు పడిన మా పల్లెల్లో కొత్తవారు కాపురం పెడితే మాకు సంతోషమే. అయితే స్థలం చూపించే మధ్యవర్తి కొండగాలి గురించి, ప్రశాంతత గురించి చెబుతాడే తప్ప, ఆ నేల మీదుగా ఏళ్ల తరబడి సాగుతున్న నీటి దారి, పశువుల దారి, ఏనుగుల దారి గురించి చెప్పడు. రిజిస్ట్రేషన్ అయిన వారానికే రాతికూసాలు నాటి చుట్టూ ముళ్లతీగ లాగేస్తారు. ఇక్కడ కొత్తవారికి, పాతవారికి మధ్య వచ్చే తగాదాల్లో, ఇరువురికీ కలిగే నష్టాల్లో చాలా భాగం ఆ కంచెతోనే మొదలవుతున్నాయి.

ముందుగా నీటి సంగతి. మా జిల్లాల్లో పెద్ద వరదలు వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో. ఏప్రిల్, మే నెలల్లో స్థలం చూడడానికి వచ్చినవారికి వంక ఇసుక పరిచిన బండిబాటలా కనిపిస్తుంది. దాన్ని జేసీబీతో చదును చేయించి, దాని మీదే గది కట్టించినవారు ఉన్నారు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు మునిగిపోవడం, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనన్న భయంతో దిగువ పల్లెలను ఖాళీ చేయించడం మనమందరం చూశాం. వంకను పూడ్చితే నీరు ఆగదు, పక్క రైతు కయ్యలోకి తిరిగి అతని పైమట్టిని కోసుకుపోతుంది. కొనే ముందు ఎండాకాలంలో ఒకసారి, కార్తీక మాసంలో ఒకసారి ఆ నేలను చూసుకోవాలి. గ్రామ పటంలో వంక, చెరువు కాలువ, బండిబాట ఎక్కడున్నాయో సర్వేయరుతో చూపించుకోవాలి. బోరు వేయడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. పక్క బోరుకు ఆనుకుని మరింత లోతుగా తవ్వితే ఎండిపోయేది పొరుగువాడి పైరే.

పశువుల దారి మూసేస్తే కలిగే బాధ కొత్తవారికి సులభంగా కనిపించదు. మా ఊరి పక్కన ఒక తోటకు కంచె పడినప్పటి నుంచి మేకలు మేపుకునే వృద్ధుడు మందను కుంటకు తోలుకుపోవడానికి గుట్ట చుట్టూ తిరిగి వెళుతున్నాడు. వేసవి మధ్యాహ్నం ఆ రాళ్ల దారిలో చూలు మేకలు నడవలేక నిలబడిపోతుంటే, మేకపిల్లలను చంకలో ఎత్తుకుని ముందుకు సాగుతాడు. తోట యజమాని చెడ్డవారు కారు. ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు, అంతే. ఒక మూల నాలుగు బారల సందు వదిలి ఉంటే సరిపోయేది.

ఏనుగుల విషయంలో మాత్రం తెలియకపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడవి పులిచెర్ల, చంద్రగిరి మండలాల దాకా వస్తున్నాయి. అరటి, చెరకు, కోతకు వచ్చిన వరి, పండుతున్న మామిడి వాటిని పిలుస్తాయి. గుంపు ఒక రాత్రి తోటలో దిగితే కొమ్మలు విరిచి పడేయడమే కాదు, డ్రిప్పు పైపులను లాగి, నీటి తొట్టెలను కూలదోసి పోతుంది. అప్పుడు టార్చీలు పట్టుకుని దగ్గరికి వెళ్లడం, సెల్‌ఫోనులో వీడియో తీయడం, ఇష్టమొచ్చినట్టు టపాసులు కాల్చి గుంపును చెదరగొట్టడం చేయకూడదు. గుంపు నుంచి విడిపోయిన ఒంటరి మగ ఏనుగు మరింత ప్రమాదకరం. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు (అడవి ఏనుగులను మళ్లించడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులు) పలమనేరు దగ్గరి శిబిరానికి వచ్చాయి గాని, అటవీ సిబ్బంది చేరుకునే దాకా ఇంట్లోనే ఉండి, చుట్టుపక్కలవారికి ఫోను చేసి హెచ్చరించడం మన పనే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. అడవిపందులు వేరుశనగను తవ్వేస్తున్నాయని కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగి పొలం చుట్టూ కట్టడం నేరం, అంతకు మించి ఘోరం. సోలారు కంచెలోని యంత్రం క్షణం పాటు తగిలి ఆగే కరెంటును విడతలుగా పంపుతుంది కాబట్టి జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. నేరుగా లాగిన తీగ పట్టుకున్నదాన్ని వదలదు. రాత్రి మోటారు వేయడానికి పోయే రైతుకు చీకట్లో ఆ తీగ కనిపించదు. కూలీ ఎవరైనా “మేం కట్టిస్తాం సార్” అని ముందుకొచ్చినా కొత్తవారు ఒప్పుకోరాదు.

చిరుతల గురించి భయం కంటే శుభ్రత అవసరం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక ఆరేళ్ల పాప చిరుతకు బలైన సంగతి ఎవరూ మరచిపోలేదు. కోడి వ్యర్థాలు, మిగిలిన అన్నం బయట పారేస్తే కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. చీకటి పడ్డాక పిల్లలను ఒంటరిగా పెరట్లోకి పంపకూడదు.

పాములు ఇంకా దగ్గరి ముప్పు. కట్టెల మోపు, రాళ్ల కుప్ప ఇంటి గోడకు దూరంగా ఉండాలి, నేల మీద పడుకోకూడదు. కట్లపాము నిద్రలో కాటు వేస్తే నొప్పి గాని, వాపు గాని పెద్దగా ఉండదు. తెల్లవారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలైనప్పుడే తెలుస్తుంది. కట్టు బిగించడం, కోయడం, నాటుమందు కోసం తిరగడం మాని, కాటు పడ్డ కాలో చేయో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. మా కొండ దారుల్లో చాలాచోట్ల సిగ్నలు ఉండదు కాబట్టి, 108కి ఫోను ఎక్కడి నుంచి కలుస్తుందో, విషానికి విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో కాపురం పెట్టిన మొదటి రోజే తెలుసుకోవాలి.

ఎర్రచందనం సొంత పట్టా భూమిలో ఉన్నా అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టరాదు, తరలించరాదు. కొండ మీద దొరికిందని చిన్న దుంగను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నా కేసే. ఎండాకాలంలో చెత్తకు నిప్పు పెట్టి వదిలేస్తే ఎండిన బోదగడ్డి పట్టుకుని మంట కొండెక్కుతుంది.

అటవీ, రెవెన్యూ, పంచాయతీరాజ్ శాఖల అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. అడవిని ఆనుకున్న గ్రామాల్లో భూమి చేతులు మారినప్పుడు, ఆ ఊరి వంకలు, బండిబాటలు, ఏనుగులు తిరిగే చోట్లు, అటవీ సెక్షన్ అధికారి ఫోను నంబరు, దగ్గరి ఆసుపత్రి వివరాలు ఉన్న ఒక కాగితాన్ని గ్రామ సచివాలయం ద్వారా కొనుగోలుదారుకు తప్పనిసరిగా అందజేయాలి. ఆ వివరాలు చెప్పగలిగిన కాపరులు, పెద్దలు ప్రతి పల్లెలోనూ ఇంకా ఉన్నారు. వారిని కూర్చోబెట్టి రాయించుకుంటే చాలు.

ఇట్లు,
ఒక రైతు,
చిన్నగొట్టిగల్లు మండలం, తిరుపతి జిల్లా.