వెండి రంగు కవర్లను ఇక తీసుకోము: మా ఖాతాదారులకు వివరణ

విజయవాడలోని సత్యనారాయణపురం, ముత్యాలంపాడు, గాంధీనగర్ ప్రాంతాలలో నాలుగేళ్లుగా మా ఆటోకు పాత సామాను, పొడి చెత్త వేస్తున్న ఖాతాదారులందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి చిప్స్, బిస్కెట్ కవర్లను, షాంపూ సాచెట్లను, కాఫీపొడి ప్యాకెట్లను, అంటే లోపలి వైపు వెండి రంగులో మెరిసే కవర్లన్నిటినీ తీసుకోవడం మానేస్తున్నాము. "ఏ కవరైనా మాకే వేయండి, కాలువలోకి పోనివ్వము" అని ఆటో వెనక రాయించినది నేనే కనుక, ఆ అక్షరాల మీద నిన్న దగ్గరుండి రంగు పూయించినదీ నేనే. ఎందుకో మీకు ఇంకొకరి నోట తెలియకూడదని ఇది రాస్తున్నాను.

పాత పేపర్లు, అట్టపెట్టెలు, ఇనుము, నీళ్ల సీసాలు, పాల కవర్లు కొనేవారు మాకు ఉన్నారు, వాటికి మీకు డబ్బులిచ్చినా మాకు నాలుగు రూపాయలు మిగులుతాయి. వెండి రంగు కవరు సంగతి వేరు. పాల కవరు ఒకే జాతి ప్లాస్టిక్ కావడం వల్ల దాన్ని కరిగించి మళ్లీ గుళికలు చేయవచ్చు. చిప్స్ కవరులో సన్నని అల్యూమినియం పూతతో పాటు రెండు మూడు పొరలు అతుక్కుని ఉంటాయి. పైగా అన్నీ ఒకే రకమైన ప్లాస్టిక్ కావు. కొన్ని ప్యాకెట్లలో ఒక పొర 110 డిగ్రీల దగ్గర కరిగితే, దానికి అతికిన పొర 250 డిగ్రీలకు గానీ కరగదు. విడదీయలేని ఆ పొరలను కిలో రూపాయికి కూడా ఎవరూ కొనరు. వాటికి మాకు కనిపించిన దారి సిమెంటు బట్టీ ఒక్కటే. 1,450 డిగ్రీల వేడి కావలసిన ఆ బట్టీలో బొగ్గుతో పాటు ఇవి కూడా మండుతాయి, బూడిద సిమెంటులోనే కలిసిపోతుంది. మనకు దగ్గరలో జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి పాయకాపురంలోని మా గోదాములోకి నీళ్లు వచ్చినప్పుడు, నీరు తీశాక షట్టరు కింద బురదతో పాటు ఎత్తిపోసినవి ఎక్కువగా ఈ కవర్లే. వరదకు కవర్లే కారణమని నేను అనడం లేదు, కానీ ఆ బురదను పారతో ఎత్తినవాడిగా ఆ రంగురంగుల ముక్కలను మరచిపోలేకపోయాను. లాభం లేకపోయినా వీటిని కూడా సేకరించి బట్టీకి పంపాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. 2025 ఏప్రిల్ నుంచి 14 నెలల పాటు, నెలకు సుమారు 400 కిలోల చొప్పున, కిలోకు 4 రూపాయలు ఎదురిచ్చి ఒక మధ్యవర్తికి అప్పగించాము. ఆయన పదిమంది దగ్గర సరుకు కూడగట్టి లారీ నింపి ఫ్యాక్టరీకి చేరుస్తానని చెప్పారు, ప్రతి నెలా కాటా చీటీ ఫోటో పంపేవారు కూడా.

మా బస్తాలన్నీ పాత బియ్యపు సంచులే. ఏ వీధి సరుకో తెలియడానికి మూతి దగ్గర నీలం పెయింటుతో అంకె వేస్తాము. కిందటి నెల ఒక ఆదివారం ఉదయం గోదాము నుంచి వస్తూ ఉంటే బుడమేరు కట్ట దిగువన 17 అంకె ఉన్న బస్తా కనిపించింది. దిగి చూస్తే ఒకటి కాదు, ఆరు ఉన్నాయి. రెండింటిని పందులు చించాయి. చిరిగిన బస్తాలో నుంచి సగం బయటికి వచ్చిన కొరియర్ కవరు మీద మా ఖాతాదారు ఒకరి పేరు, ఇంటి నంబరు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ కవరును తీసి జేబులో పెట్టుకున్నప్పుడు నాకు కలిగిన సిగ్గు, మా నాన్నగారు తోపుడు బండి మీద "పాత సామాన్లు కొంటాం" అని వీధి వీధీ తిరిగిన రోజుల్లో కూడా మా ఇంట్లో ఎవరికీ కలగలేదు.

మధ్యవర్తికి ఫోను చేస్తే, "కవరు ముక్కల కోసం ఇంత రాద్ధాంతం ఎందుకండీ" అన్నారు. ఆ రాత్రి ఆయన పంపిన చీటీలన్నీ వరసగా చూశాను. మార్చి చీటీనీ మే చీటీనీ పక్కపక్కన పెడితే లారీ నంబరు, తూకం, చివరికి కాగితం మడత కూడా ఒకటే. తేదీ దగ్గర మాత్రం వేలు అడ్డం పెట్టి ఫోటో తీశారు. పావుకిలో ఇనుములో తేడా వస్తే పట్టుకునే నేను దీన్ని చూడకపోవడం పూర్తిగా నా తప్పు. డబ్బు వచ్చే సరుకు కాదు కదా అని చీటీని సరిగా చదవలేదు.

ఆ తరువాత మూడు వారాలు మా ఇంట్లో ఇదే చర్చ. మరో మధ్యవర్తిని చూడమని మా తమ్ముడు అన్నాడు. ఒకసారి కాలిన చేయి కనుక నేను ఒప్పుకోలేదు. సొంతంగా లారీ పంపుదామంటే, ఈ కవర్లను గట్టిగా నొక్కి కట్టలు కట్టే యంత్రం లేనిదే లారీలో సగం గాలే ప్రయాణం చేస్తుంది, ఆ యంత్రం కొనే స్తోమత ఇప్పుడు లేదు. మీ దగ్గర నెలకు కొంత వసూలు చేయమని మా ఆవిడ సూచించారు. మాట తప్పినవాడు అదే పనికి డబ్బు అడగడం నా వల్ల కాదు. ఒక శ్రేయోభిలాషి అయితే, ఎప్పటిలాగే తీసుకుని రాత్రిపూట కార్పొరేషన్ బండికి ఎక్కించెయ్యండి, ఎవరికి తెలుస్తుంది అన్నారు. ఆ మాటతోనే నిర్ణయం జరిగిపోయింది. నేను కళ్లతో చూడని చోటికి పోయే సరుకును నా బస్తాలో వేసుకోను. గోదాములో మిగిలిన కవర్లు అక్కడే ఉంటాయి, నేను లారీలో కూర్చుని వెంట వెళ్లగలిగిన రోజునే కదులుతాయి. ఆ ఆరు బస్తాలను మాత్రం మేమే ఎత్తుకొచ్చాము.

ఇక మీరు ఈ కవర్లను 2021లో ఇంటింటికీ ఇచ్చిన మూడు బుట్టలలోని నీలం బుట్టలో, అంటే పొడి చెత్తలో, వేసి కార్పొరేషన్ బండికి ఇవ్వవలసి ఉంటుంది. ఏది ఏ కవరో అనుమానం వస్తే రెండు చేతులతో లాగి చూడండి. పాల కవరు సాగుతుంది, చిప్స్ కవరు సాగకుండా పర్రున చిరుగుతుంది. వెండి రంగు వస్తువును గుప్పెట్లో నలిపి వదిలినప్పుడు విచ్చుకుంటే ప్లాస్టిక్, నలిగినట్టే ఉండిపోతే అల్యూమినియం. అన్నం డబ్బాల అల్యూమినియాన్ని కడిగి ఇస్తే సంతోషంగా తీసుకుంటాము.

పాల కవర్ల విషయంలో ఒక ప్రార్థన. మూలను పూర్తిగా కత్తిరించి పడేయకండి, ఆ చిన్న ముక్క ఏ బస్తాలోనూ నిలవదు, నేరుగా కాలువకు పోతుంది. అంచు అతికి ఉండేలా గాటు పెట్టి, ఒకసారి నీళ్లతో తొలిచి, ఆరబెట్టి ఇవ్వండి. తొలవని కవర్లు రెండో రోజుకే మొత్తం బస్తాను కంపు కొట్టిస్తాయి. నూనె అంటిన పిజ్జా అట్ట కాగితపు గుజ్జుకు పనికిరాదు కాబట్టి పొడిగా ఉన్న మూతను చించి మాకు ఇచ్చి, మిగతాది తడి చెత్తలో వేయండి. షాపుల్లో ఇచ్చే నున్నటి బిల్లు కాగితాలను పాత పేపర్లలో కలపవద్దు. పండ్లరసాల అట్టడబ్బాలలో ముప్పాతిక వంతు కాగితమే, వాటిని చదును చేసి ఇస్తే తీసుకుంటాము. వాటిని కొనేవారి గోదామును నేను స్వయంగా చూసి వచ్చాను, ఈసారి ఫోటోలతో సరిపెట్టుకోలేదు.

2026 ఏప్రిల్ ఒకటి నుంచి అమలులోకి వచ్చిన కొత్త నియమాల ప్రకారం ఇంటి చెత్తను తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని నాలుగుగా వేరు చేయాలి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలి. పాదరసం ఉండే ట్యూబులైట్లు, గడువు తీరిన మందులు, పెయింటు డబ్బాలు నాలుగో రకం కిందికి వస్తాయి. వీటిని, పాత ఫోన్లను, బ్యాటరీలను తీసుకునే అనుమతి మాకు లేదు, ఎప్పుడూ లేదు, దయచేసి ఇనుము బస్తా అడుగున పెట్టి పంపకండి.

కొరియర్ కవర్లు తీసుకుంటాము గానీ చిరునామా చీటీని చింపి ఇవ్వండి. కట్ట కింద దొరికిన కవరు తాలూకు ఇంటికి నేనే వెళ్లి, కవరు చేతికిచ్చి, జరిగింది చెప్పాను. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, తలుపు వేసుకున్నారు. అప్పటి నుంచి వారు మాకు పేపర్లు కూడా వేయడం లేదు, అందుకు వారిని తప్పు పట్టలేను. మంగళవారం ఎనిమిదిన్నరకు ఆటో ఆ గేటు ముందు కూడా ఆగి, బెల్లు కొట్టే వెళుతుంది.