కిల్‌పెక్ చర్చి శిల్పాలు అరిగిపోకముందే: వారసత్వ కట్టడాల అధికారికి బహిరంగ లేఖ

హియర్‌ఫర్డ్‌షైర్ (ఇంగ్లండ్) వారసత్వ కట్టడాల అధికారి గారికి,

నమస్కారం. కిల్‌పెక్‌లోని సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్ చర్చి గురించి ఒక విన్నపం.

సుమారు 1140లో కట్టిన ఈ చర్చి చిన్నదే. జనం కూర్చునే హాలు, దాని వెనక గాయకుల చోటు, తూర్పు కొసన అర్ధవృత్తపు గది, అంతే. గొప్పతనమంతా చెక్కడంలో ఉంది. దక్షిణ ద్వారం కమాను నిండా పక్షులు, వింత జంతువులు. పక్క స్తంభాల మీద మెలికలు తిరిగిన పాములు, తీగల్లో చిక్కుకున్న యోధులు. ఇక చూరు కింద చుట్టూరా 80కి పైగా రాతి బొమ్మలు! కుక్కా కుందేలూ పక్కపక్కనే అమాయకంగా చూస్తున్న బొమ్మ ముందు పిల్లలు ఓ పట్టాన కదలరు. షీలా నా గిగ్ అనే, జననాంగాన్ని చూపిస్తున్న స్త్రీ బొమ్మ దగ్గరికొచ్చేసరికి పెద్దలు ముఖం తిప్పుకుంటారు. సంతానానికి గుర్తని కొందరు, కామానికి హెచ్చరికని కొందరు పండితులు అన్నారు, ఏదీ తేలలేదు. ఆ సంగతి దాచకుండా చెప్పే బోర్డు పెట్టించండి.

అసలు కోరిక వేరే. ఎర్ర ఇసుకరాయి ఇన్ని శతాబ్దాలు నిలవడమే విశేషం. చూరు బొమ్మల్లో కొన్ని ఇప్పటికే లేవు. ఇదే శిల్పశైలికి చెందిన షాబ్డన్ చర్చిని 1750ల్లో కూల్చి, కమానులను అలంకారంగా ఆరుబయట నిలబెట్టారు. అవి వానకూ గాలికీ బాగా అరిగిపోయాయి. 19వ శతాబ్దంలో వేసిన చిత్రాలే లేకపోతే ఆ వివరాలు మనకు దక్కేవి కావు.

కిల్‌పెక్‌లో ప్రతి బొమ్మకూ త్రీడీ స్కాన్ తీయించండి. ఇప్పటికే తీసి ఉంటే అందరూ ఉచితంగా చూసేలా బయటపెట్టండి. ఆ ఖర్చు మాత్రం చిన్న ఊరి చర్చి సంఘం నెత్తిన వేయకండి.

ఇట్లు,
ఇక్కడ స్థిరపడిన ఒక తెలుగువాడు