దసరా నుంచి మా దగ్గర స్పీకర్లు కొన్నోళ్ళందరికి

నమస్తే. నల్గొండల మా షాపుల దసరా నుంచి సంక్రాంతి దాకా 8 అంగుళాల ఉఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) డబ్బాలు కొన్న 14 ఇండ్లోళ్ళకు ఈ మాట. ఆ డబ్బాలల్ల తప్పున్నది. ఆ తప్పు నేను చేసిందే.

మిర్యాలగూడ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. ఏండ్ల సంది భజనలల్ల పాడే మనిషి. "తమ్మీ, మృదంగం మీద ఎక్కడ కొట్టినా ఒక్కటే 'భుం' అంటున్నది" అన్నది. బేస్ తగ్గించుమని చెప్పి ఫోన్ పెట్టేసిన. రెండు రోజులకు మళ్ళ చేసింది. తగ్గిస్తే పాడే గొంతు పలచబడ్డదట. బేస్ బటన్ ఒక్క మోతనే తగ్గించదు, చుట్టుపక్కల ఉన్నదంతా దించుతది. ఆ సంగతి తెలిసి గూడ నేను ఆమెకు ఆ సలహా ఇచ్చిన.

మైకు, ల్యాప్‌టాప్ పట్టుకొని వాళ్ళింటికి పోయిన. గది 10 అడుగులు, 12 అడుగులు. పైన స్లాబు, కింద టైల్స్. 20 హెర్ట్జ్ (సెకనుకు 20 సార్లు ఊగే శబ్దం) నుంచి 200 దాకా జారుకుంట పోయే శబ్దం పెట్టి కొలిస్తే, 56 దగ్గర గీత కొండలెక్క లేచింది. పక్కవాటికంటే 9 డెసిబెల్స్ ఎక్కువ.

ఎందుకంటే ఎదురెదురు గోడల నడుమ 10 అడుగులుంటే ఆ గది 56 హెర్ట్జ్ దగ్గర తనంతట తానే గుమ్మంటది. నేను చేసిన డబ్బా గూడ సరిగ్గ అక్కడ్నే గట్టిగ మోగుతున్నది. లెక్క ప్రకారం 40 లీటర్ల ఆ డబ్బాకు గాలి వచ్చిపోయే 3 అంగుళాల వెడల్పు గొట్టం 6 అంగుళాల పొడవుండాలె, అప్పుడు 40 హెర్ట్జ్‌కు కుదురుతది. నేను రెండుంబావు అంగుళాలకు కోసిన. గొట్టం పొట్టిగైతే 55 దాకా పైకెక్కుతది. షటర్ తెరిచి పెట్టిన షాపుల అది దెబ్బ కొట్టినట్టు వినిపించేది, వచ్చినోళ్ళు అక్కడికక్కడ్నే కొనేటోళ్ళు. అందుకే కోసిన. మీ ఇంట్ల ఎట్ల మోగుతదో ఒక్కనాడు గూడ చూడలే.

మీరే పరీక్ష చేసుకోవచ్చు. గోడకు ఆనించిన మంచం మీద కూసొని వినండ్రి, తర్వాత గది నట్టనడుమ నిలబడండ్రి. మంచం మీద ఉన్న మోత నడుమకొస్తే మాయమైతే, అది గది పని. (పెంకుటిండ్లల్ల ఉన్న ముగ్గురు ఒక్క మాట గూడ అనలే. ఆ శబ్దం పెంకుల సందులల్లకెల్లి బయటికి పోతదని నా అంచనా.)

మాయమైన చోట ఈక్వలైజర్‌తోని (ఒక్కో హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని వేరేగ పెంచే, దించే బటన్లు) పెంచకండ్రి. 6 డెసిబెల్స్ పెంచితే యాంప్ నాలుగింతల వాట్లు పంపాలె. గది మాత్రం దాన్ని మళ్ళ మింగుతది, స్పీకర్ లోపలి తీగచుట్ట (కాయిల్) వేడెక్కుడే మిగుల్తది. కూసునే చోటు ఒక మూరెడు జరపండ్రి. దేవరకొండ తమ్ముడొకడు 30 హెర్ట్జ్ బటన్ చివరిదాకా ఎత్తిండు. గొట్టం కుదిరిన చోటుకంటే కిందికి పోతే డబ్బా లోపలి గాలి ఉఫర్‌ను పట్టి ఆపదు, దాని ముందటి కాగితం అదుపు లేకుంట కొట్టుకుంటది. కాయిల్ పోయింది. నేను ముందే చెప్పాల్సింది, చెప్పలే. పైసలు తీసుకోకుంట కొత్త ఉఫర్ బిగించిన.

ఆ 14 జతలకు సరైన గొట్టం నేనే వచ్చి వేస్త, పైసలు వద్దు. మిగిలిన మోతను ఈక్వలైజర్‌ల 56 దగ్గర సన్నగ 4, 5 డెసిబెల్స్ దించుత. అక్క ఇంట్ల ఇదే చేసిన. మృదంగం ఎడమ చెయ్యి, కుడి చెయ్యి వేరేగ వినబడ్డయి, ఆమె కూసొని పాట మొత్తం విన్నది. గొట్టం మారినంక మొదట్ల బేస్ తగ్గినట్టు అనిపిస్తది, పది రోజులు వినండ్రి. నచ్చకుంటే పాత గొట్టమే పెట్టి, 56 కోత ఎట్ల వెయ్యాల్నో చూపిస్త.

ఇకనుంచి ప్రతి జతకు 35 హెర్ట్జ్ కిందివి ఆపే ఫిల్టర్ యాంప్‌లనే వస్తది. ఇంటికొచ్చి కొలిచినంకనే పని అయిపోయినట్టు. జతకు 600 రూపాయలు పెరుగుతది, వారం బదులు రెండు వారాలు పడ్తది. బతుకమ్మకు, ఆరుబయటకు చేసిన పెద్ద డబ్బాలకు ఈ గోల లేదు, అక్కడ గోడలే ఉండయి.

సూర్యాపేట, మిర్యాలగూడ దిక్కు ఆదివారాలు వస్త. గది పొడవు, వెడల్పు టేపుతోని కొలిచి, మంచం ఏ గోడకున్నదో గూడ రాసి పెట్టుకోండ్రి.