పాప గదిలో ఆ షీటు వేయించకు

కార్ల్‌స్టాడ్, స్వీడన్

ప్రియమైన వాణీ,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ముందు కడుపారా తిట్టుకో, తర్వాత చదువు. అందరం కులాసా. ఆయనకు ఉద్యోగం మారింది, చలి మొదలైంది. ఇక అసలు సంగతి. బండల చల్లదనం తగలకుండా పాప గదిలో వినైల్ షీటు పరిపిస్తున్నామని రాశావు చూడు, ఆ పని ఆపు!

మొన్న పక్కింటి ఆవిడతో మాటల్లో నీ షీటు ప్రస్తావన వచ్చింది. ఆవిడ వెంటనే, ‘ఇంటి దుమ్ముకీ పిల్లల ఉబ్బసానికీ సంబంధం వెతికిన పరిశోధన జరిగింది ఇక్కడే కదా, మా అమ్మాయి చిన్నప్పుడు మాకూ ప్రశ్నపత్రం వచ్చింది’ అంది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ రాత్రే వెతికి చదివాను. మా వెర్మ్‌లాండ్ జిల్లాలో 2000లో పది వేలమందికి పైగా చిన్నపిల్లల ఆరోగ్యం గురించి ఆరా తీశారు. వాళ్లలో ఉబ్బసం, ముక్కు కారడం, ఎగ్జిమా వంటివి వదలని 198 మందినీ, ఏ బాధా లేని 202 మందినీ ఎంచుకుని, వాళ్ల పడకగదుల్లో దుమ్ము పోగుచేశారు. నేల మీది దుమ్ము కాదు, అరల మీద, చెక్క పట్టీల మీద పేరుకున్నది. ఉబ్బసం పిల్లల గదుల్లో డీఈహెచ్‌పీ అనే రసాయనం ఎక్కువగా కనిపించింది. 2004లో అచ్చయిందిది. నీ వినైల్ షీటు చేసేది పీవీసీ అనే ప్లాస్టిక్‌తోనే. దాన్ని మెత్తబరచడానికి కలిపే థాలేట్లు అనే రసాయనాల్లో డీఈహెచ్‌పీ ఒకటి. ప్లాస్టిక్‌తో దానికి గట్టి బంధం ఉండదు. ఏళ్ల తరబడి మెల్లగా బయటికొచ్చి దుమ్మును పట్టుకుంటుంది. కాబట్టి కొత్త వాసన పోయింది కదా అని నిశ్చింతగా ఉండకు.

ఇప్పుడు నువ్వు ‘గొడుగులు తెరిచారు కాబట్టే వాన పడిందా?’ అనే నీ ‘గొడుగు ప్రశ్న’ వేస్తావని తెలుసు! దుమ్ము వల్లే జబ్బు వచ్చిందని రుజువైందా? లేదు, రెండూ కలిసి కనిపించాయి, అంతే. కానీ అదే జిల్లా పిల్లలను పదేళ్లు గమనిస్తే, పడకగదిలో పీవీసీ నేల ఉన్న ఇళ్లలో కొత్తగా ఉబ్బసం రావడం ఎక్కువగానే కనిపించింది. అమ్మానాన్నల గదిలో ఉన్నా అంతే. పాకే పిల్లలు, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలు... వాళ్లకు ఎవరు చెప్పాలి వాణీ? కోపం వస్తుంది నాకు. ఫోనులో పాప ఆయాసం విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

మీ తాండూరు బండలే మేలు. చలి అనుకుంటే నూలు జంపఖానా పరిచి, తరచూ ఉతికి ఎండలో వేయి. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్మంతా గాలిలోకి లేస్తుంది, తడిబట్టతో తుడిపించు. మంచం వెనక, అలమార పైన కూడా. పాప చేతులు అన్నానికి ముందు సబ్బుతో కడుగు. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ మాత్రం నా మాట పట్టుకుని మానిపించకు సుమా! ఇక ఆ దోమల చుట్ట పొగ... అదో పెద్ద కథ, మళ్లీ రాస్తాను.

బాబు లేచాడు, పిలుస్తున్నాడు. షీటు ఇంకా చుట్టలోనే ఉందా, పరిచేశారా? ముందు అది రాయి.

నీ
సుధ