పదిహేను కిలోల కాలింగ్‌వుడ్ పిండి

మెల్బోర్న్ శివార్లలో, టార్నీట్‌లో ఉన్న మా దోసె దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం. ఇది 2024 జూన్ మూడో వారంలో రాస్తున్నాను.

ముందు పునుగుల సంగతి. మొన్న మంగళవారం పునుగులు బాగా పులిసిపోయాయని ముగ్గురు మొహమ్మీదే అన్నారు. నాలుగో ఆయన పెద్దవారు, ఏమీ అనలేదు. ప్లేటులో సగం అలాగే వదిలేసి, గ్లాసెడు నీళ్ళు తాగి, "వస్తా బాబూ" అని వెళ్ళిపోయారు. ముగ్గురి మాటలకన్నా ఆ సగం ప్లేటే నాకు ఎక్కువ గుచ్చుకుంది. పునుగుకి కాస్త పులుపు ఉండాలి గానీ అంత ఉండకూడదు. తప్పు నాదే. ఆ పిండి ఆదివారం రాత్రి రుబ్బింది. ఆదివారం రాత్రి అంత పిండి ఎందుకు రుబ్బానో చెప్పాలంటే నార్త్ మెల్బోర్న్ ఫుటీ జట్టు గోల చెప్పాలి. ఫుటీ అంటే ఈ దేశం వాళ్ళు ఆడుకునే ఒక రకం ఫుట్‌బాల్. దోసె తినడానికి వచ్చేవాళ్ళకి ఇదంతా ఎందుకు అనిపిస్తే, చివర్లో ధరల సంగతి ఉంది, నేరుగా అక్కడికి వెళ్ళిపోండి. నేనేమీ అనుకోను.

మార్చిలో సీజన్ మొదలైనప్పుడు గల్లా పక్కన ఒక పలక పెట్టాను, చాలామంది చూసే ఉంటారు. "నార్త్ మెల్బోర్న్ గెలిచిన మర్నాడు సాదా దోసె 5 డాలర్లు." మామూలు ధర 11. మా ఆవిడ అది చదివి, "ఇది ఆఫరా, వెటకారమా?" అంది. ఆవిడకి ఫుటీ తెలియదు గానీ లెక్కలు తెలుసు. 2021, 2022 రెండేళ్ళూ మా జట్టు పట్టికలో అట్టడుగు. అట్టడుగున ఉన్నవాళ్ళకి ఇక్కడ చెక్క గరిటె వచ్చిందంటారు. గరిటె మీద బతికేవాణ్ణి, గరిటెని తిట్టకూడదు, కానీ ఆ గరిటె మాత్రం వద్దనిపిస్తుంది. 2023లో ఇంకో రకం చిత్రహింస. మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచారు. అప్పుడు మా అబ్బాయీ నేనూ ఇంట్లో గంతులేశాం. ఆ తర్వాత వరసగా ఇరవై ఓడిపోయారు. ఇరవై. ఆఖరి మ్యాచ్ హోబార్ట్‌లో గెలిచారు.

అలాంటి జట్టు వెంట ఎందుకు పడ్డావని షాపులో రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. పక్కనే ఫుట్‌స్క్రేలో బుల్‌డాగ్స్ ఉన్నారు కదా, వాళ్ళని పట్టుకోవచ్చు కదా అంటారు. ఈ దేశం వచ్చిన కొత్తలో మేం ఉన్న అద్దె ఫ్లాటు నార్త్ మెల్బోర్న్‌లో, ఆ జట్టు మైదానం ఆర్డెన్ స్ట్రీట్‌కి నడిచి వెళ్ళేంత దూరం. ఆ క్లబ్బు వాళ్ళు హడిల్ అని ఒక కార్యక్రమం నడుపుతారు, వలస వచ్చిన కుటుంబాల పిల్లలకి అక్కడ చదువులో సాయం చేస్తారు. నేను సాయంత్రం షిఫ్టుకి గిన్నెలు కడగడానికి పోతే, మా అబ్బాయి అక్కడ కూర్చుని లెక్కలు చేసుకునేవాడు. వాళ్ళ ఉప్పు తిన్నట్టే లెక్క. ఇంకో కారణం కూడా ఉంది, ఇది తిండి దుకాణం వాడికే నచ్చుతుంది. వెనకటికి ఆ పేటలో మాంసం కొట్టువాళ్ళు జట్టు మీద అభిమానంతో ఎద్దు కాలి ఎముకలకి నీలం, తెలుపు రిబ్బన్లు కట్టి కొట్లో వేలాడదీసేవారట. అందుకే ఆ జట్టుకి షిన్‌బోనర్స్ అని పాత పేరు. పాయా వండుకునే జాతివాళ్ళం, కాలి ఎముక పేరున్న జట్టుని కాదని ఎక్కడికి పోతాం?

సరే, పలక పెట్టాను. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది, మే కూడా గడిచింది. ఒక్కసారి కూడా 5 డాలర్ల దోసె వెయ్యాల్సిన పని పడలేదు. జూన్ 8, శనివారం, పెర్త్‌లో వెస్ట్ కోస్ట్ జట్టు మీద గెలిచారు. ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి బయట వరస. ఫుటీ అంటే ఏమిటో తెలియని వాళ్ళు కూడా "కంగ్రాచ్యులేషన్స్ అన్నా, నార్త్ గెలిచిందిగా" అంటూ వచ్చారు. పదిన్నరకల్లా పిండి అయిపోయింది. వింధమ్ వేల్ నుంచి ఇద్దరు చంటిపిల్లలతో వచ్చిన వాళ్ళని ఉత్త చేతులతో పంపించాను. అది నా మొదటి తప్పు. ఆ రోజు తిరిగి వెళ్ళినవాళ్ళు ఎప్పుడొచ్చినా ఆ 5 డాలర్ల ధరకే దోసె ఇస్తాను, వచ్చి చెప్తే చాలు, సాక్ష్యం అడగను.

ఆ దెబ్బతో భయం పట్టుకుంది. ఇంకోసారి గెలిస్తే పిండి లేకుండా ఉండకూడదు అనుకున్నాను. వారం తిరిగేసరికి, మొన్న 16న ఆదివారం, మార్వెల్ స్టేడియంలో కాలింగ్‌వుడ్‌తో మ్యాచ్. కాలింగ్‌వుడ్ అంటే పోయినేడాది కప్పు కొట్టినవాళ్ళు. కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క: ఫుటీ ఆట నాలుగు క్వార్టర్లు, మైదానం రెండు చివర్లా నాలుగేసి కర్రలుంటాయి. నడిమి రెండు కర్రల మధ్యలోంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే 1 పాయింటు. మూడో క్వార్టర్లో మావాళ్ళు 54 పాయింట్లు ముందున్నారు. అంటే తొమ్మిది గోల్స్. షాపులో టీవీ కింద నిలబడి నేను ఆ అంకెని రెండుసార్లు చదివాను.

అప్పుడు చేశానండీ ఆ పని. వంటింట్లోకి వెళ్ళి పన్నెండు కిలోల బియ్యం, మూడు కిలోల మినప్పప్పు పెద్ద గంగాళాల్లో పోయించాను. మా దగ్గర పనిచేసే కుర్రాడు, చదువుకుంటూ వారాంతాల్లో వస్తాడు, పప్పు డబ్బా చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. "అన్నా, ఇంకో క్వార్టరు మొత్తం ఉంది" అన్నాడు. "పొయ్యరా" అన్నాను. పోశాడు. నీళ్ళు కూడా పోశాడు. నేను తిరిగి టీవీ దగ్గరికి వచ్చేసరికి కాలింగ్‌వుడ్ వాళ్ళు ఒకటి కొట్టారు. తర్వాత ఇంకోటి. తర్వాత లెక్క పెట్టడం మానేశాను. చివరి నిమిషంలో మావాడు ఒకడు బంతి పట్టుకుంటే, యాభై మీటర్ల పెనాల్టీ, అంటే బంతిని గోల్ వైపు యాభై మీటర్లు ముందుకి జరపడం, ఇవ్వాల్సిందే అని షాపులో అందరం అరిచాం, నాన్ చుట్టుకుంటూ నిలబడ్డ ఒక సర్దార్జీ కూడా అరిచాడు. ఇవ్వలేదు. సైరన్ మోగింది. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. వంటింట్లోకి పోయి చూస్తే మినప్పప్పు అప్పుడప్పుడే ఉబ్బుతోంది. నానిన పప్పుని మళ్ళీ డబ్బాలో పొయ్యలేం కదా.

రాత్రికి రుబ్బాం. మా తెనాలిలో అయితే ఆ పిండి తెల్లారేసరికి గిన్నె మూత లేపేది. ఇక్కడ జూన్ చలికి పిండి కూడా దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. వెలిగించని అవెన్‌లో పెట్టి, లోపలి బల్బు వేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి పెడితే గానీ కదలదు. సోమవారం మధ్యాహ్నానికి పొంగింది. సోమవారం మధ్యాహ్నం దోసె తినేది ఎంతమంది? మంగళవారానికి అది పునుగులకి వచ్చింది, అప్పటికే దాటిపోయింది. పారేయాల్సింది. పదిహేను కిలోలు పారేయడానికి చెయ్యి రాలేదు. మా వంటింట్లో ఇప్పుడు దాన్ని కాలింగ్‌వుడ్ పిండి అంటున్నారు. మంగళవారం పునుగులు తిన్న ఎవరైనా సరే, బిల్లు లేకపోయినా ఫరవాలేదు, ఒక ప్లేటు మళ్ళీ వేసిస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ శనివారం ఎంసీజీలో, అదే మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో, మెల్బోర్న్ అనే ఇంకో జట్టుతో మ్యాచ్. ఆదివారం దోసెలకి పప్పు శనివారం పొద్దున్నే నానెయ్యాలి, అంటే మ్యాచ్ అవకముందే. కాబట్టి ఈసారి నా అభిమానాన్ని కిలోల్లో చెప్పక తప్పదు.

ఆశ పెట్టుకోవడానికి కారణాలు లేకపోలేదు. మెల్బోర్న్ వాళ్ళ గొప్ప ఆటగాడు పెట్రాకా లేడు. కింగ్స్ బర్త్‌డే సెలవు రోజు మ్యాచ్‌లో పక్కటెముకలు విరిగి, ప్లీహం చీలి ఆస్పత్రి పాలయ్యాడు. పాపం, అది ఏ జట్టువాడికీ రాకూడని దెబ్బ. దానికి ముందు ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఫ్రీమాంటిల్ చేతిలో 92 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడారు. 2021లో కప్పు గెలిచిన జట్టు ఇప్పుడు కొంచెం తడబడుతోంది. ఇటు చూస్తే మావాళ్ళలో హ్యారీ షీజల్‌కి ఇంకా ఇరవై నిండలేదు, పోయినేడాది కుర్ర ఆటగాళ్ళలో మేటికి ఇచ్చే రైజింగ్ స్టార్ అవార్డు వాడిదే. ముప్ఫైమంది మధ్యలో ఉన్నా తొందరపడడు, పెళ్ళిలో వడ్డన చూసుకునే పెద్దమనిషిలా అటూ ఇటూ చూసి బంతి ఇస్తాడు. గోల్ ముందు నిక్ లార్కీ ఉన్నాడు, గెలిచింది మూడే మ్యాచ్‌లయిన 2023లో కూడా 71 గోల్స్ కొట్టాడు. చుట్టూ ఇల్లు కూలుతుంటే ఒక్కడే గోడ కడుతున్నట్టుండేది. మధ్యలో పైకి లేచిన బంతి కోసం ఎగరడానికి మావాడు షెర్రీ, అవతల మెల్బోర్న్ వాళ్ళ మ్యాక్స్ గాన్. బంతి పైకి లేచినప్పుడల్లా ఆ ఇద్దరి పోరు చూడ్డానికే టీవీ ముందు కూర్చోవచ్చు.

మా కోచ్ క్లార్క్‌సన్ ఇదివరకు హాథార్న్ జట్టుకి నాలుగు కప్పులు తెచ్చిపెట్టిన మనిషి. ఆయనకి ఆట రాదని ఎవరూ అనలేరు. కానీ నా కంటికి కనిపించే లోటు ఒక్కటే: చివరి అరగంట. కుర్రవాళ్ళు, కాళ్ళు బరువెక్కుతాయి, బంతి చేతిలోకి రాగానే వదిలించుకోవాలని చూస్తారు. కాలింగ్‌వుడ్ మ్యాచ్‌లో మేం మూడో క్వార్టర్ సగం దాకా ఆడిన ఆట ఈ మూడేళ్ళలో నేను చూడలేదు. ఆ తర్వాత ఆడింది మాత్రం మూడేళ్ళుగా చూస్తున్నదే. ఎంసీజీ లాంటి పెద్ద మైదానంలో ఆ అలుపు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. మెల్బోర్న్ వెనక వరసలో స్టీవెన్ మే, లీవర్ ఇద్దరూ ముదుర్లు, పైకి వేసిన బంతి వేసినట్టు పట్టేస్తారు.

నా అంచనా చెప్పేస్తున్నా. రెండు మూడు గోల్స్ తేడాతో ఓడతాం. మూడో క్వార్టర్లో ఒకచోట మనమే ముందుంటాం, అప్పుడు నన్ను ఎవరూ వంటింట్లోకి వెళ్ళనివ్వకండి.

ఓడేవాళ్ళ వెంట తిరగడం మనకి కొత్తా అంటే, అదీ కాదు. పోయిన నెల ఐపీఎల్ ఫైనల్లో హైదరాబాద్ 113కి ఆలౌట్ అయినప్పుడు ఈ షాపులోనే ఎంతమంది ఉప్మా ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నారో నాకు తెలుసు. దానికి కెప్టెన్ కమిన్స్, ఈ దేశం వాడే. వచ్చే సోమవారం అర్ధరాత్రి టీ20 వరల్డ్ కప్‌లో ఇండియాతో ఆడే ఆస్ట్రేలియా జట్టులో కూడా ఆయన ఉన్నాడు. ఆ రాత్రి ఎవరివైపు ఉండాలో మన పిల్లలు మనకి చెప్తారు, మా ఇంట్లో అయితే ఇప్పటికే రెండు జట్లయ్యాయి. మా అమ్మాయికి ఈ రెండూ పట్టవు. దానికి నార్త్ ఆడవాళ్ళ జట్టు చాలు. వాళ్ళు పోయినేడాది గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్ళి బ్రిస్బేన్ చేతిలో ఓడారు. "నాన్నా, గెలిచే నార్త్ కావాలంటే మా మ్యాచ్‌లకి రా" అంటుంది. అది నిజమే కాబట్టి నేనేమీ అనలేను. సీజన్ మొదలైతే ఆ జట్టు గెలిచినా ఇదే ఆఫర్ పెట్టమని పట్టుబట్టింది. వాళ్ళు గెలిచే వరస చూస్తే నేను దివాలా తీస్తానని బేరం ఆడుతున్నాను.

ఇక ధరలు. 2024 జూలై 1 నుంచి సాదా దోసె 12, మసాలా దోసె 14. రెండిటికీ ఒక్కో డాలరు పెరుగుతోంది. ఇడ్లీ, పెసరట్టు పాత ధరలే. కారణాలు దాచిపెట్టను. పోయినేడాది, 2023 జూలై 20న ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. ఎగుమతి ఆపిన ఆ వారం ఇక్కడ సోనా మసూరి బస్తాల కోసం జనం ఎలా ఎగబడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది, మీలో కొందరు నాకే ఫోన్ చేసి "ఒక బస్తా ఉందా" అని అడిగారు. మా ఇడ్లీ బియ్యం బస్తా ధర అప్పటినుంచి కిందికి దిగలేదు. ఏడాదిగా మేమే భరించాం. రెండోది, ఈ 2024 జూలై 1 నుంచి కనీస వేతనం గంటకి 23.23 నుంచి 24.10 డాలర్లకి పెరుగుతోంది, సూపర్, అంటే పనివాళ్ళ రిటైర్మెంట్ కోసం మేం కట్టే డబ్బు, జీతంలో 11 నుంచి 11.5 శాతం అవుతోంది. అది పెరగడం తప్పని నేననను. అదే కూలి మీద గిన్నెలు కడిగి ఈ షాపు పెట్టుకున్నవాణ్ణి. మా దగ్గర పనిచేసే పిల్లలకి ఒక్క సెంటు తగ్గించి ఇవ్వను. ఆ డబ్బు దోసెలోంచే రావాలి, ఇంకెక్కడి నుంచీ రాదు.

పునుగుల మీద పదిహేను కిలోలు తగలేసినవాడు ధరలు పెంచుతాడా అని మీరు అడగొచ్చు. మా ఆవిడ అడిగింది. ఆ పదిహేను కిలోల ఖర్చు నా జేబులోది, ధరల్లో కలపలేదు.

ఆఫర్ మాత్రం తియ్యను. ఒక మార్పు చేస్తున్నాను: గెలిచిన మర్నాడు మనిషికి రెండు దోసెలే, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా. పిండి అయిపోతే చీటీ రాసిస్తాను, ఆ వారంలో ఎప్పుడైనా వచ్చి తినొచ్చు. శనివారం రాత్రి పన్నెండున్నరకి ఇండియా–బంగ్లాదేశ్ మ్యాచ్ కూడా ఉంది కాబట్టి ఆదివారం ఎవరూ తొమ్మిదికి ముందు లేవరని మా కుర్రాడి లెక్క. చూద్దాం.

శనివారం పొద్దున ఎంత నానెయ్యాలో మా ఆవిడ నిర్ణయించి, పప్పు డబ్బా మీద సుద్దతో రాసిపెట్టింది. మామూలు ఆదివారం లెక్క, దాని మీద ఇంకో నాలుగు కిలోలు. నేను ఆరు అన్నాను. నాలుగే అంది. డబ్బా తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంది.