సినిమా పారడీసో: ముందు చిన్నదే చూడండి

ఇటాలియన్ సినిమా ‘సినిమా పారడీసో’ని మొదట ఏ నిడివిలో చూడాలన్న నిన్నటి వాదన మీద నా మాట కూడా వినండి. మొదటిసారి చూసేవాళ్లు 124 నిమిషాలదే చూడండి, 2002లో దర్శకుడి కూర్పుగా వచ్చిన 173 నిమిషాలది వద్దు. (కథ తెలియకూడదంటే ఇక్కడే ఆపేయండి.) పొడవాటి దాంట్లో పెద్దవాడైన హీరో సాల్వతోరె తన తొలిప్రేమ ఎలెనాని మళ్లీ కలుస్తాడు, వాళ్లని విడదీసింది ఊరి థియేటర్లో ప్రొజెక్టర్ నడిపే ఆల్ఫ్రెడోనే అని తెలుస్తుంది, దాంతో మనం అంత ఇష్టపడ్డ ముసలాయన మీద మనసు విరిగిపోయి, ఆఖర్లో వచ్చే, సినిమాల్లోంచి కత్తిరించిన ముద్దు సీన్లని ఆయన అతికించి దాచిన రీలు దగ్గర ఏడవాలో తిట్టుకోవాలో అర్థం కాదు. దర్శకుడికి నచ్చిందే అసలుదంటారా? 1988లో ఇటలీలో 155 నిమిషాలతో వదిలితే ఆడలేదు, కత్తిరించాకే కాన్ చిత్రోత్సవంలో బహుమతీ, తర్వాత ఆస్కారూ వచ్చాయి. ఎలెనా ఏమైపోయిందా అని నాలాగా ఏళ్లపాటు గింజుకున్నవాళ్లు మాత్రం రెండోసారికి పొడవాటిది చూడొచ్చు. ఆదివారం మా ఇంట్లో వేసేది చిన్నదే, ఆరింటికల్లా వచ్చేయండి.