అమ్మానాన్నల పెళ్లి రిజిస్టరు దొరికింది: తెలుక్ ఇంతాన్ అక్కకు నా కృతజ్ఞతలు

రాత్రంతా నిద్ర పట్టలేదు, కళ్లు మండుతున్నాయి. అయినా ఈ నాలుగు మాటలూ ఇప్పుడే రాసేయాలి. 1946లో మలయాలో (ఇప్పటి మలేసియాలో) మా అమ్మకూ నాన్నకూ పెళ్లి జరిగినట్టు రాసి ఉన్న చర్చి రిజిస్టరు పేజీ నిన్న సాయంత్రం నా ఫోన్‌కు వచ్చింది.

మాది కనిగిరి దగ్గర పల్లె. నాన్న రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మద్రాస్ సాపర్స్‌లో, అంటే వంతెనలూ రోడ్లూ కట్టే సైనిక దళంలో, చేరాడు. 1945 సెప్టెంబరులో జపాన్ వాళ్లు లొంగిపోయాక మలయాలో దిగిన మన పటాలాల్లో ఆయనా ఉన్నాడు. కూలిన వంతెనలు నిలబెట్టే పని. అమ్మ అక్కడి తోటల్లో పుట్టిన తెలుగు పిల్ల. పెళ్లయ్యాక రజులా అనే ఓడలో నాగపట్నం మీదుగా మద్రాసు వచ్చి దిగానని చెప్పేది.

మా ఊళ్లో మాత్రం అమ్మను చివరిదాకా ‘మలయా ఆమె’ అనే అన్నారు. ‘మిలిటరీలో ఉండి ఎవర్నో వెంటేసుకొచ్చాడు, పెళ్లీ గిళ్లీ ఎవరు చూశారు’ అని సొంతవాళ్లే అనేవాళ్లు. పొలం పంపకాలప్పుడు ఆ మాట మళ్లీ లేచింది. అమ్మ ఎదురు చెప్పలేదు. పెట్టె అడుగు నుంచి ఒక ఫోటో తీసి చూపించేది, అంతే. అమ్మ పోయాక ఆ ఫోటో నాకు వచ్చింది. అందులో ఇద్దరూ నిలబడి ఉన్నారు, వెనకాల అంతస్తులంతస్తులుగా ఒక గోపురం. ఫోటో వెనక పెన్సిలుతో ‘తెలుక్ ఆన్సన్’ అని ఉంది. ఆ పేరుతో ఊరు ఇవాళ్టి మ్యాపులో లేదు.

ఆ ఫోటో చూసి ఊరు పోల్చింది మలేసియాలో ఉండే ఒక పెద్దావిడ. పేరు రాయొద్దని మాట తీసుకున్నారు కాబట్టి అక్క అనే అంటాను. డెబ్బై దాటిన మనిషి, నర్సుగా చేసి రిటైరయ్యారు. వాళ్ల తాతలు విశాఖపట్నం వైపు నుంచి కొబ్బరి తోటల్లో పనికి వెళ్లినవాళ్లు. నాకూ ఆవిడకూ ఏ చుట్టరికమూ లేదు, అంతకుముందు ఒకరి ముఖం ఒకరు ఎరగం. ఫోటో పంపిన పది నిమిషాల్లోనే ఫోన్ చేశారు. ‘అమ్మాయీ, అది మా ఊరి గడియారం గోపురమే. 1885 నాటిది, ఒక పక్కకి వంగి ఉంటుంది. తెలుక్ ఆన్సన్‌నే 1982లో తెలుక్ ఇంతాన్ అని మార్చారు’ అన్నారు. ఇన్నేళ్లుగా మేము ఫోటోగ్రాఫరు కెమెరా వంకరగా పట్టుకున్నాడనుకుంటూ ఉన్నాం.

అక్కడితో ఆగి ఉన్నా జన్మంతా గుర్తుపెట్టుకునేదాన్ని. ఆవిడ ఆగలేదు. మోకాళ్లు సహకరించకపోయినా బస్సెక్కి చర్చికి వెళ్లారు. అక్కడ గుమస్తా మా ఇంటిపేరుతో వెతికి లేదన్నాడట. ‘మన తెలుగోళ్లకి ఆ రోజుల్లో పటాలంలో ఇంటిపేరు ఎవరు రాశారు నాయనా, ఒట్టి పేరు, నంబరు రాసుంటారు’ అని, 1946 పేజీలన్నీ తనే ఒక్కొక్కటీ తిరగేస్తానని కూర్చున్నారు. ఒక రోజులో అవ్వలేదు. మళ్లీ వెళ్లారు. టిఫిన్ డబ్బా కట్టుకుని, భూతద్దం పట్టుకుని వెళ్లారట. ఛార్జీలైనా తీసుకోమంటే కోప్పడ్డారు.

నిన్న సాయంత్రం ఫోనెత్తగానే వినిపించిన మాట: ‘ఏడవమాకు తల్లీ, మీ అమ్మ ఇక్కడే ఉంది. తెలుగులో సంతకం పెట్టింది.’

ఆ పేజీ పెద్దది చేసి చూస్తూనే ఉన్నాను. రాసిందంతా ఇంగ్లీషులో, గొలుసుకట్టు అక్షరాల్లో ఉంది. వరుడు సాపర్, 24 ఏళ్లు, ఆర్మీ నంబరు. నాన్న పటాలం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం మా దగ్గరుంది, అందులో నంబరూ అదే. వధువు 18 ఏళ్లు, తోట పేరు. పెళ్లి చేసింది పటాలం పాదిరి. సాక్షులు ఇద్దరు సాపర్లు, తోట కంగాణి (కూలీల మేస్త్రీ) వేలిముద్ర. కింద అమ్మ పేరు తెలుగులో ఉంది, గుండ్రంగా, నాలుగక్షరాలూ నాలుగు సైజుల్లో. చివరి అక్షరం దగ్గర సిరా చుక్క పడి పాకింది. అక్క చదవగలిగారు కాబట్టి సరిపోయింది. ఇంగ్లీషులో ఆ పేరును ఎలా రాశారంటే, కన్నకూతురిని నేనే పోల్చుకోలేకపోయాను.

వధువు తండ్రి అనే గడిలో పేరు పక్కన ‘మృతుడు’ అని ఉంది. యుద్ధంలో జపాన్ వాళ్లు సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రైలు దారి పనికి తోటల నుంచి తోలుకెళ్లిన వేలమంది కూలీల్లో మా తాత ఒకడు. అమ్మ మాత్రం ‘మా నాయన తప్పిపోయాడు’ అనే అనేది, పోయాడని ఒక్కసారి కూడా అనలేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల తన పెళ్లినాడే ఆ మాట పక్కన సంతకం పెట్టింది. ఇది అక్కకు చెప్తే ఆవిడా కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మా పెదతాతా ఆ రైలుకే పోయాడమ్మా’ అన్నారు.

అక్కా, మీకు ఎలా దణ్ణం పెట్టాలో నాకు తెలియడం లేదు. మా అమ్మను మీరు కనీసం చూడలేదు. ఊళ్లోవాళ్లు డెబ్బై ఏళ్లు అన్న మాటను మీరు కొట్టేశారు.

ఇంట్లో మా ఆయన, పిల్లలు, తమ్ముడు అందరూ సాయం చేశారు, అది వాళ్లకు తెలుసు.

ఇక కడుపులో ఉన్న మాట కూడా చెప్పేస్తాను. మన దగ్గర ఒక కార్యాలయానికి రాస్తే ‘ప్రకాశం జిల్లాలో ఈ పేరు గలవారు లేరు’ అని ఒక్క లైను జవాబొచ్చింది. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. అంతకుముందు మా కనిగిరి నెల్లూరు జిల్లా. డిశ్చార్జి పుస్తకంలోనూ నెల్లూరు అనే ఉంది. ఆ జెరాక్సు జత చేసి మళ్లీ రాస్తే, అంత పాత కాగితాలు తీసేశామన్నారు. ఇంకొకచోట కుర్చీలో ఉన్నాయన తలెత్తకుండానే ‘ఇప్పుడు దీంతో మీకేం వస్తుందమ్మా’ అన్నాడు. ఇంగ్లండు సైనికుడు పరాయి దేశంలో పెళ్లి చేసుకుంటే పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ నమోదు చేసే వాళ్ల జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఆర్మీ రిటర్నుల (పటాలాల నుంచి వచ్చిన నమోదుల) సూచికలో ఇవాళ్టికీ వెతుక్కోవచ్చు. బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు చర్చి రిటర్నులు ఉన్నాయి, చాలావరకు యూరోపియన్లవీ ఆంగ్లో ఇండియన్లవీ. ఆ యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది పనిచేశారు. వాళ్ల పిల్లలు తల్లి పెళ్లి కాగితం కోసం ఇలా గుమ్మం గుమ్మం తిరగాలా? నాకు ఆ మాట ఇంకా మింగుడు పడటం లేదు.

ఒంగోలులో ఒక రిటైర్డ్ సుబేదారు గారు ఎంతో ఓపికగా కూర్చోబెట్టి చెప్పారు. ఆర్మీలో పెళ్లయినా, బిడ్డ పుట్టినా పార్ట్ టూ ఆర్డర్ అనే పటాలం కాగితంలో ఎక్కాలనీ, డిశ్చార్జి పుస్తకంలోని పొట్టి అక్షరాలకు అర్థాలేమిటో, పేరు కన్నా ఆర్మీ నంబరు పట్టుకుని వెతకమనీ చెప్పింది ఆయనే. ఆ నంబరు లేకపోతే ఈ రిజిస్టరులో ఉన్నది నాన్నేనని రుజువయ్యేది కాదు. మీ తండ్రో తాతో ఆనాటి పటాలంలో పనిచేసి ఉంటే ముందు ఆ పుస్తకం భద్రం చేసుకోండి.

అయ్యో, అసలు మనిషిని మర్చిపోయాను. కౌలాలంపూరులో ఉద్యోగం చేసే మా స్నేహితురాలి కొడుకు. అక్కడి తెలుగువాళ్లను అడిగి అక్క నంబరు పట్టిచ్చింది ఆ అబ్బాయే. చల్లగా ఉండు నాయనా.

ఆ చర్చి గుమస్తా గారికి కూడా, మొదట లేదన్నా తర్వాత బీరువా తాళం ఇచ్చినందుకు.

చర్చికి ఉత్తరం రాసిచ్చిన పొదిలి పాస్టరు గారికి వందనాలు. కనిగిరి బస్టాండు దగ్గర జెరాక్సు షాపు అబ్బాయి ఆ పాత ఫోటోను ఎంతో జాగ్రత్తగా స్కాన్ చేసి, సంగతి విని డబ్బులు తీసుకోలేదు. బాబూ, రేపు షాపుకొస్తాను, ఈ పేజీ పెద్ద సైజులో రెండు కాపీలు తీసిపెట్టాలి. ఒకటి మా పెదనాన్న గారి ఇంటికి పంపాలి.